అట్లకాడ పట్టుకుని ‘నో’ ప్రచారానికి

2008 మే నెలలో ఒక సాయంత్రం మా పక్కింటి పెద్దాయన తలుపు కొట్టి, మీ ఇంట్లో చెక్క గరిట ఏదైనా ఉందా అని అడిగాడు. మా ఆవిడ వంటింట్లోంచి దోసెలు తిప్పే చెక్క అట్లకాడ తెచ్చి ఇచ్చింది. ఎందుకో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అరగంట తర్వాత నాకే తెలిసింది. ఇక్కడ ఐర్లండ్‌లో చాలా ఇళ్ళకు ఉత్తరాల డబ్బా విడిగా ఉండదు, తలుపుకే ఒక చీలిక ఉంటుంది. చీలిక వెనక బ్రష్ కుచ్చు, కొన్ని ఇళ్ళలో ఆ కుచ్చు వెనక కుక్క. కరపత్రాన్ని వేళ్ళతో తోస్తే వేళ్ళు పోతాయి, అట్లకాడతో తోస్తే అట్లకాడ మీద పంటిగాట్లు పడతాయి. ఆయన గరిట అంతకుముందు రోజే ఒక కుక్క నోట్లో రెండు ముక్కలైందట.

అట్లకాడ వెనకే నేనూ బయల్దేరాను. సంగతి చూద్దామనే వెళ్ళాను తప్ప, ఆయన వద్దని ప్రచారం చేస్తున్న లిస్బన్ ఒప్పందం గురించి నాకు అప్పటికి ఓనమాలు కూడా తెలియవు.

మేముండేది టాలా. డబ్లిన్‌కు నైరుతి దిక్కున, లూయస్ ట్రామ్ ఎర్ర లైను చివర. నేను గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరి వాణ్ణి. 2005లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మీద వచ్చాను, 2007లో ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు అప్పు చేసి ఇల్లు కొన్నాను. (ఆ ముహూర్తం గురించి మా ఆవిడ ఈనాటికీ ఒక మాట అంటూనే ఉంటుంది.) ఇల్లు మారిన రోజు సామాన్లు దింపడానికి చెయ్యి వేసింది ఈ పెద్దాయనే. అరవై దాటిన మనిషి, భవన నిర్మాణంలో పనిచేసి రిటైరయ్యాడు. ఈస్టర్ వచ్చిందంటే కోటుకు కాగితపు లిల్లీ పువ్వు పెట్టుకుంటాడు. 1916 తిరుగుబాటులో పోయినవాళ్ళ గుర్తు అది. ఆయన రిపబ్లికన్. ఇక్కడ రిపబ్లికన్ అంటే అమెరికా పార్టీ కాదు. ఐర్లండ్ మొత్తం ఒకే గణతంత్రం కావాలి, ఉత్తరాన బ్రిటన్ కింద ఉన్న ఆరు జిల్లాలూ కలవాలి అనేవాళ్ళు. ఈయన షిన్ ఫేన్ పార్టీ మనిషి.

ఆ ఏడు జూన్ 12న లిస్బన్ ఒప్పందం మీద రిఫరెండం, అంటే అవునో కాదో జనమే నేరుగా ఓటేసి చెప్పడం. యూరోపియన్ యూనియన్ నడిచే పద్ధతులను మార్చే ఒప్పందం అది. యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలుంటే జనం ఓటు అడిగింది ఐర్లండ్ ఒక్కటే. మిగతా చోట్ల పార్లమెంట్లే పని కానిచ్చేశాయి. ఐర్లండ్ అలా చేయలేకపోవడానికి కారణం రేమండ్ క్రాటీ అనే ఆర్థికవేత్త. ఒకప్పుడు వ్యవసాయం చేసినవాడు. అంతకుముందు ఒప్పందాన్ని ప్రభుత్వం జనాన్ని అడగకుండా ఆమోదించబోతుంటే కోర్టుకెక్కాడు. 1987లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అప్పట్నుంచి దేశాధికారంలో కొంత బయటికిచ్చే ఒప్పందం ఏదొచ్చినా రాజ్యాంగం మార్చాలి, రాజ్యాంగం మార్చాలంటే జనం ఓటెయ్యాలి. పెద్దాయన క్రాటీ పేరు ఎత్తినప్పుడల్లా గొంతు కొంచెం తగ్గించేవాడు, మన పెద్దవాళ్ళు పోయినవాళ్ళను తలుచుకునేటప్పుడు తగ్గిస్తారే, అలా.

అప్పట్లో నాకు రిఫరెండంలో ఓటు లేదు. ఇక్కడ నివాసముంటే చాలు, ఏ దేశం వాళ్ళయినా స్థానిక ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. నా పేరు కూడా ఓటర్ల జాబితాలో ఉండేది, కానీ పక్కన ‘ఎల్’ అనే అక్షరం ఉండేది. లోకల్ అని అర్థం. రాజ్యాంగం జోలికి మాత్రం పౌరులే రావాలి. ఓటు లేనివాడు ఓటడగొచ్చా అని నేనడిగితే ఆయన నవ్వి, "నడవడానికి పౌరసత్వం అక్కర్లేదు, సన్" అన్నాడు. నన్నెప్పుడూ సన్ అనే పిలిచేవాడు.

అడగబోయే ముందు చదవాలి కదా అని ఒప్పందం డౌన్‌లోడ్ చేసుకున్నాను. మూడు పేజీలకే చేతులెత్తేశాను. ఫలానా ఆర్టికల్లో ఫలానా పేరాలో ఫలానా మాటల బదులు ఈ మాటలు చేర్చాలి, తర్వాతి వాక్యం తీసెయ్యాలి, ఇదే వరస. పుస్తకం చేతిలో లేకుండా తప్పొప్పుల పట్టిక ఒక్కటీ చదివినట్టుంది. నేనొక్కణ్ణే తెలివితక్కువవాణ్ణి కాదని తర్వాత తెలిసింది. ఆ నెలలోనే ప్రధానమంత్రి అయిన బ్రయాన్ కవెన్, తాను కూడా దాన్ని మొదట్నుంచి చివరి దాకా చదవలేదని ఒప్పుకున్నాడు. దానికి అవుననమని ఊరూరా చెబుతున్నది ఆయనే. మా కరపత్రాలు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. తలుపు తీసినవాళ్ళలో పదిమందిలో నలుగురు అదే అనేవాళ్ళు: ఆయనే చదవలేదట, నన్నేం చదవమంటారు?

ప్రచారం ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే నేను ఊహించుకున్నది వేరు. మా ఊళ్ళో ఎన్నికలంటే మైకు ఆటోలు, జెండాలు, రాత్రిపూట జరిగేవి జరుగుతాయి. ఇక్కడ నలుగురైదుగురు మనుషులు, ఒకరి చేతిలో వీధి వరసలో అచ్చేసిన ఓటర్ల జాబితా, జేబులో పెన్ను, చంకలో తడవకుండా ప్లాస్టిక్ సంచిలో కరపత్రాలు. సాయంత్రం భోజనాలయ్యాక ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ఆపాలి. జూన్‌లో పదింటిదాకా వెలుతురే కాబట్టి ఇబ్బంది లేదు. గేటు తీస్తే మళ్ళీ వెయ్యాలి, ఎవరి గడ్డి మీదా అడ్డదారిన నడవకూడదు. ఈ రెండూ తప్పితే ఓటు పోతుందని పెద్దాయన నమ్మకం. ఒక తలుపు దగ్గర రెండు నిమిషాలకు మించి నిలబడకూడదు, వాదన అసలు పెట్టుకోకూడదు. మన పక్కం, అటు పక్కం, అనుమానం అని జాబితాలో మూడు రకాల గుర్తులు. "అనుమానం వాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి. అటు పక్కం వాళ్ళకు గుడ్ ఈవినింగ్ చెప్పి వచ్చెయ్, వాళ్ళూ పొరుగువాళ్ళే" అనేవాడు.

నా మొహం చూసి కొందరు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఒకాయన తలుపు తీసి, నేను చెప్పేది వినకుండా, టేక్‌అవే ఆర్డర్ మేం చెయ్యలేదే అన్నాడు. ఇంకొకావిడ ఇది మా దేశం వ్యవహారం, నీకెందుకు అని తలుపేసింది. ఆ మాట ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. మా నాన్న కూడా ఫోన్లో దాదాపు అదే అన్నాడు: "ఒరేయ్, పనికోసం పోయినోడివి పని చేసుకోక ఆ ఊరి రాజకీయాలు నీకెందుకురా?"

మేం చెప్పేది ఏమిటంటే, ఒప్పందం వస్తే 2014 నుంచి యూరప్ పాలన నడిపే కమిషన్‌లో ప్రతి దేశానికీ శాశ్వతంగా ఒక కమిషనర్ ఉండే పద్ధతి పోతుంది, వంతులవారీగా పదిహేనేళ్ళలో ఐదేళ్ళు ఐర్లండ్ మనిషి లేకుండానే గడవాలి. మంత్రుల మండలిలో జనాభాను బట్టి లెక్క కట్టే ఓటింగ్ వస్తుంది, యూరప్ జనాభాలో వందలో ఒక్కరున్న దేశం మాట అందులో మునిగిపోతుంది. ఐర్లండ్ ఏ సైనిక కూటమిలోనూ చేరని దేశం, సైనిక సామర్థ్యం పెంచుకోవాలనే షరతు దాన్ని మెల్లగా కొరికేస్తుంది. యూరప్ నుంచి బయటికి పోదామని షిన్ ఫేన్ అనలేదు, వెనక్కి వెళ్ళి ఇంతకన్నా మంచి ఒప్పందం తెండి అంది. 166 మంది సభ్యులున్న డాల్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటు దిగువ సభలో, ఆ పార్టీకి నలుగురే. పెద్ద పార్టీలన్నీ, అధికారపక్షమూ ప్రతిపక్షమూ, అవును వైపే. మా వైపు ప్రచారానికి ముందు నిలిచింది అప్పటి డబ్లిన్ ఎంఈపీ (యూరప్ పార్లమెంటు సభ్యురాలు) మేరీ లూ మెక్‌డొనాల్డ్.

‘నో’ పందిరి కింద ఎవరెవరో చేరారు. డెక్లన్ గ్యాన్లీ అనే వ్యాపారవేత్త పెట్టిన లిబర్టాస్ సంస్థ, కంపెనీల పన్ను పన్నెండున్నర శాతం నుంచి పెరుగుతుందేమో అని బాధపడేది. మేం కార్మికుల హక్కుల గురించి మాట్లాడేవాళ్ళం. మామూలు రోజుల్లో ఒకే వీధిలో నడవని మనుషుల పోస్టర్లు ఒకే దీపస్తంభం మీద ఒకదాని కింద ఒకటి కట్టి ఉండేవి. పెద్దాయన వాటిని చూసి తల పక్కకు తిప్పుకునేవాడు, కానీ పీకేవాడు కాదు.

జూన్ మొదటి వారంలో జరిగిన ఒకటి చెప్పాలి. ఒక ఇంట్లో ముప్ఫై ఐదేళ్ళ ఆవిడ, వెనక పదేళ్ళ కొడుకు. నేనే తలుపు కొట్టాను. కరపత్రం చూడగానే, "వీణ్ణి యూరప్ సైన్యంలోకి లాక్కుపోతారంట కదా, అందుకే నో" అంది. అలాంటిదేమీ ఒప్పందంలో లేదు. అంతవరకు నాకూ తెలుసు. కానీ ఓటు మనదే అయినప్పుడు దిద్దడమెందుకు అనుకుని, థాంక్స్ చెప్పి, జాబితాలో మన పక్కం అని గుర్తు పెట్టించడానికి వెళ్ళాను. ఆవిడ ఏమంది అని పెద్దాయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏమీ అనకుండా కరపత్రాలు నా చేతికిచ్చి వెనక్కి నడిచాడు. గేటు తీశాడు, వేశాడు, తలుపు కొట్టాడు. బలవంతపు సైన్యం సంగతి ఇందులో ఎక్కడా లేదమ్మా, నేను వద్దంటున్నది వేరే కారణాలకి అని ఆవిడకు రెండు నిమిషాలు చెప్పాడు. తిరిగొచ్చి, "అయినా నో అనే అంటోంది" అన్నాడు. జాబితాలో మాత్రం అనుమానం అని గుర్తు పెట్టాడు.

నాకు చెవులు వేడెక్కాయి. అప్పటిదాకా ప్రచారం నాకొక సరదా.

పోలింగ్ గురువారం, ఉదయం ఏడు నుంచి రాత్రి పది వరకు. స్టేషన్‌కు 50 మీటర్ల లోపల ప్రచారం చేయకూడదు కాబట్టి మేం బడి మలుపు దగ్గర నిలబడ్డాం. శుక్రవారం తొమ్మిదింటికి లెక్కింపు. పెద్దాయన టాలీ మనిషి. అధికారులు పెట్టెలు తెరిచి కాగితాలు విప్పుతుంటే కటకటాల ఇవతల నిలబడి, కనపడిన ప్రతి గుర్తుకూ కాగితం మీద గీత గీసుకోవడం ఆ పని. మధ్యాహ్నం లోపే నాకు ఫోన్ చేసి, గెలిచాం అన్నాడు. టీవీ ఇంకా చెప్పనేలేదు. సాయంత్రం డబ్లిన్ కాసిల్‌లో మొత్తం ఫలితం ప్రకటించారు. నో 53.4 శాతం. 43 నియోజకవర్గాల్లో 33 వద్దన్నాయి, మా డబ్లిన్ సౌత్ వెస్ట్ గట్టిగా వద్దంది.

పబ్బులో అందరూ పాటలు పాడుతుంటే ఆయన ఒక్కడూ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, "మళ్ళీ అడుగుతారు" అన్నాడు. 2001లో నీస్ అనే యూరప్ ఒప్పందానికి జనం వద్దన్నారట, 2002లో మళ్ళీ అడిగి అవుననిపించుకున్నారట. 1972లో యూరప్‌లో చేరేటప్పుడు కూడా ఆయన వద్దనమని చెబుతూనే తిరిగాడు. అప్పుడు నూటికి 83 మంది చేరదామన్నారు. ఓడిపోవడం బాగా అలవాటైన మనిషికి గెలుపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదనుకుంటాను.

ఆయన అన్నట్టే 2009 అక్టోబర్ 2న మళ్ళీ అడిగారు. కమిషనర్ ఉంటాడు, తటస్థతకు, పన్నులకు ఢోకా లేదు అని హామీలు తెచ్చారు. ఆ ప్రచారం గురించి ఎక్కువ రాయాలని లేదు. నో వైపే ఉన్న వేరే బృందం ఒకటి, లిస్బన్ తర్వాత కనీస వేతనం గంటకు 1.84 యూరోలా అని పోస్టర్ వేసింది. అప్పటి అసలు వేతనం 8.65. ఆ అంకె మాకు అంటగట్టి తలుపు తలుపుకూ తిట్టారు. కానీ మేం ఓడిపోయింది దానివల్ల కాదు. దేశం దివాలా అంచున ఉంది. కిందటేడు రాత్రి ఏడింటికి పనినుంచి వచ్చి తలుపు తీసిన మగవాళ్ళు ఈసారి సాయంత్రం నాలుగింటికే ఇంట్లో ఉన్నారు. గట్టిగా నో అన్నవాళ్ళే తలొంచుకుని, ఈసారి కాదులే అన్నారు. నా ఉద్యోగం కూడా ఆ వేసవిలోనే పోయింది, మూడు నెలల తర్వాత తక్కువ జీతానికి ఇంకొకటి దొరికింది. అవును 67 శాతం. వద్దన్నవి డానెగాల్ జిల్లాలోని రెండు నియోజకవర్గాలు మాత్రమే.

2012 తొలి నెలల్లో నాకు ఐరిష్ పౌరసత్వం వచ్చింది. ప్రమాణం చేసిన రోజు సంతోషమే, తర్వాత ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేసిన రోజు మాత్రం కౌంటర్ దగ్గర కాసేపు చెయ్యి రాలేదు. ఇక్కడ ఓటు రావడమంటే అక్కడ ఓటు పోవడమే. గార్డ (పోలీసు) స్టేషన్‌కి వెళ్ళి ఫారం మీద స్టాంపు వేయించుకుని పంపిస్తే నా పేరు పక్కనున్న ‘ఎల్’ పోయింది. పెద్దాయన కొత్త జాబితా తెచ్చి, నా పేరు మీద వేలు పెట్టి చూపించి, చాక్లెట్ డబ్బా ఇచ్చి వెళ్ళాడు.

మే 31న నా మొదటి రిఫరెండం, ఆర్థిక ఒప్పందం మీద. అవును వాళ్ళు దాన్ని స్థిరత్వ ఒప్పందం అన్నారు, మేం పొదుపు కోతల ఒప్పందం అన్నాం. దేశాలు బడ్జెట్ లోటును దాదాపు అర శాతానికి కట్టడి చేయాలి, అప్పు జీడీపీలో 60 శాతం దాటితే ఏటా తగ్గించుకుంటూ రావాలి. అప్పటికే దేశం 85 బిలియన్ యూరోల సహాయ ప్యాకేజీ కింద ఉంది, ఇంటికి వంద యూరోల కొత్త పన్ను వేశారు, టాలాలో చాలామంది కట్టమని భీష్మించుకున్నారు. ప్రచారం చేయడానికి ఇంతకన్నా తేలికైన కాలం లేదు. షిన్ ఫేన్‌కి ఇప్పుడు డాల్‌లో 14 మంది. తలుపులు తట్టకముందే తెరుచుకుంటున్నాయి. అట్లకాడ అప్పటికి మూడో అట్లకాడ.

నేనూ తిరిగాను. కానీ లోపల ఒక మెలిక పడింది. 2008లో మేం వద్దంటే ఒప్పందం మొత్తం ఆగింది. ఇది ఆగదు, యూరో దేశాలు పదిహేడింటిలో పన్నెండు ఒప్పుకుంటే చాలు. మనం ఒప్పుకోకపోతే మనకు పోయేదల్లా కొత్త సహాయ నిధి తలుపు. మళ్ళీ డబ్బు కావలసి వస్తే ఎవరు ఇస్తారు? ఎలాగోలా ఇస్తారు, మనల్ని ముంచితే వాళ్ళూ మునుగుతారు అని మా పక్షం జవాబు. నేను ఆ జవాబు ముప్ఫై తలుపుల దగ్గర చెప్పాను. ఇంటికొస్తే మా ఆవిడ, "ఏమండీ, ఇంటి విలువ సగమైంది, అప్పు మాత్రం అంతే ఉంది. బ్యాంకు మునిగితే మన సంగతేంటి?" అని అడిగితే అదే జవాబు ఆవిడకు చెప్పలేకపోయాను. బయట చెప్పే మాట ఇంట్లో నోరు దాటి రావడం లేదు. టెన్షన్‌గా ఉండేది.

అప్పుడైనా పెద్దాయనకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పోలింగ్ రోజు పొద్దున నాన్న ఫోన్. రాష్ట్రంలో 18 అసెంబ్లీ స్థానాలకు జూన్ 12న ఉప ఎన్నికలు, అందులో మా ప్రత్తిపాడు ఒకటి. వెనక మైకు ఆటో అరుపులో ఆయన మాట సగం వినపడలేదు. "నువ్వెవరికి వేస్తున్నావురా?" అని అడిగాడు. ఇక్కడ మనుషులుండరు నాన్నా, అవును కాదు అంతే అన్నాను. "అదేం ఓటురా" అన్నాడు.

బూత్ అంటే చిన్నపిల్లల తరగతి గది. వేలికి సిరా లేదు, మెషిన్ లేదు. ఒక పొడుగాటి కాగితం, ఐరిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ. టా, నీల్. పక్కన గళ్ళు. దారంతో కట్టిన పెన్సిల్. నాలుగేళ్ళు ఈ రెండు గళ్ళ గురించి ఊరంతా తిరిగినవాణ్ణి, పెన్సిల్ పట్టుకుని నిలబడిపోయాను. ముక్కు సరిగా లేదు ఆ పెన్సిల్‌కి. చివరికి టా పక్కన ఇంటూ గుర్తు పెట్టాను. అవును అని. కాగితం రెండు మడతలు పెట్టి పెట్టెలో వేసి బయటికొస్తే మలుపు దగ్గర పెద్దాయన గొడుగు కింద నిలబడి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

దేశంలో అవును 60.3 శాతం. మా డబ్లిన్ సౌత్ వెస్ట్ మాత్రం వద్దన్న ఐదు నియోజకవర్గాల్లో ఒకటి. "మన పేట నిలబడింది" అని ఆయన నా భుజం తట్టాడు.

పోస్టర్లు ఏడు రోజుల్లోగా విప్పకపోతే జరిమానా. ఆదివారం ఇద్దరం నిచ్చెన వేసుకుని బయల్దేరాం. నేను పైనుంచి ప్లాస్టిక్ ట్యాగులు కత్తిరిస్తున్నాను, ఆయన కింద నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగో స్తంభం దగ్గర, పైకి చూడకుండానే, "మొదటి ఓటు కదా, పెన్సిల్ బాగా రాసిందా?" అని అడిగాడు.

"ముక్కు అరిగిపోయిందండీ" అన్నాను.

"ఎప్పుడూ అంతే" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. తర్వాతి స్తంభానికి నిచ్చెన తనే మోశాడు.

ముడతల ప్లాస్టిక్ పోస్టర్లు పారేసే అలవాటు ఆయనకు లేదు. ఆ తర్వాతి శనివారం పెరటి షెడ్డు కప్పు లోపలి వైపు అంతా వాటితోనే కొట్టాడు, మేకులు నేను అందించాను. అచ్చు కిందికి వచ్చేలా కొట్టడంతో తల ఎత్తితే చాలు ‘నో, నో, నో’ అని వరసగా కనబడతాయి. మిగిలిన నాలుగు ముక్కలు మా ఇంటికి ఇచ్చాడు. మా ఆవిడ వాటిని కరివేపాకు కుండీలకు చలిగాలి తగలకుండా చుట్టూ కట్టింది.